గడియ గడియకు తరుగు మందు

క్రిందటి మాసమున నీ శీర్షికలో ఇంటి పద్దులను గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున మేము వ్రాయబూనిన విషయము తొలిచూపునకు గృహిణులకు మిక్కిలి దూరమైనదిగా తోచవచ్చును. కడవరకు చదివిన పిమ్మట దీనికిని మన యిండ్లకును గల సంబంధమును సోదరీమణులు తామే గ్రహింతురని మా నమ్మకము.

మా వదినగారికి వైద్యులు పెట్ స్కాను అను పరీక్ష చేయింపవలెనని వ్రాసియిచ్చిరి. కేన్సరు, అనగా మన పెద్దలు రాచపుండు అనెడి వ్యాధి, దేహములో ఎచ్చటనైన దాగియున్నదేమో కనిపెట్టుటకు ఆ పరీక్ష మిక్కిలి ఉపకరించును. హైదరాబాదులోని యొక వైద్యశాలకు ఉదయము 7 గంటలకే రమ్మనిరి. రాత్రి భోజనమైన తరువాత మంచినీరు తప్ప మరేమియు పుచ్చుకొనరాదని కట్టడి చేసిరి. మేమును తోడుగా పోయితిమి. 8 గంటలైనది, పిలుపు లేదు. బల్లల మీద మావలెనే పదిమంది వరకు కాచుకొని యుండిరి. విచారింపగా, "మందు ఇంకను రాలేదు" అని జవాబు చెప్పిరి.

మాకు కోపము వచ్చిన మాట దాచనేల? "పాలవాడు వేళకు వచ్చును; పత్రిక వేళకు వచ్చును; ఇంత గొప్ప వైద్యశాలకు మందు మాత్రము వేళకు రాదా?" యని నలుగురును వినునట్లే అంటిమి. ప్రక్కనున్న యిల్లాండ్రు ఔనౌనని తలలూచిరి. కొంతసేపటికి సన్నని పడుచువాడొకడు చక్రముల బండి మీద చిన్న పెట్టె నొకదానిని త్రోసికొని వచ్చెను. పెట్టె చిన్నదే గాని బరువు పెద్దదని బండి నడకయే చెప్పుచుండెను. దాని మీద పసుపుపచ్చని చీటి, ఆ చీటి మీద మూడు రెక్కల గుర్తు కలవు. వైద్యశాల నౌకరు చేయి చాపినను అతడు పెట్టె నప్పగింపలేదు. లోపలినుండి తగిన యధికారి వచ్చి, కొలమానముతో పెట్టెను పరీక్షించి, కాగితముపై సంతకము చేయువరకు ఒక మూలగా నిలిచియుండెను. ఇంత ఆలస్యమైన తరువాత ఈ తతంగమెందుకని దానికిని విసుగుకొంటిమి.

ఆ సాయంకాలము మా మేనకోడలు వదినగారిని చూచి పోవుటకై వచ్చినది. ఆమె రవాణా సంస్థ యొకదానిలో ఉద్యోగము చేయుచున్నదని మాత్రమే మాకు తెలియును. ఏమి రవాణాయో ఎన్నడును అడిగి యెరుగము. ఉదయము జరిగినదంతయు ఏకరువు పెట్టితిమి. ఆమె చిరునవ్వుతో వినినది. తుదకు, "అత్తయ్యా! మీరు తిట్టినది నన్నే. ఆ పెట్టెను నలువది నిమిషములు ఆపినది నేనే" యనెను.

మేము తెల్లబోయితిమి. రేడియోధార్మికౌషధములను తయారైన చోటినుండి వైద్యశాలలకు చేర్చువారు పదునొకండుగురు ఆమె చేతిక్రింద పనిచేయుచున్నారట. వారిపై పర్యవేక్షణ మామె యుద్యోగము. ఆ రాత్రి భోజనములైన తరువాత చాలసేపు కూర్చుండి ఆమె చెప్పిన సంగతులే ఈ మాసపు మా వ్యాసమునకు ఆధారము.

మొదట నా మందు స్వభావమును తెలిసికొనవలెను. పెట్ స్కానునకు వాడునది ఒక విధమైన చక్కెర. దానికి ఫ్లోరిన్-18 అను రేడియోధార్మిక పరమాణువును తగిలింతురు. కేన్సరు కణములు సామాన్యముగా చక్కెర నెక్కువగా పీల్చుకొనును గనుక, ఆ మందు అచ్చటచ్చట పోగై, తాను వెలువరించు కిరణములచేత తన యునికిని యంత్రమునకు తెలుపును. ఈ ఫ్లోరిన్-18 సైక్లోట్రాను అను యంత్రములో పుట్టును. పుట్టిన క్షణము మొదలు తరిగిపోవుచునే యుండును. 110 నిమిషములకు సగము మిగులును. మరి 110 నిమిషములకు ఆ సగములో సగము. ఎండలోని మంచుగడ్డ కరుగుచున్నట్లే యనవచ్చును గాని, మంచుగడ్డను నీడను దాచవచ్చును, పొట్టులో పొదువవచ్చును. ఈ మందును ఎచ్చట దాచినను తరుగుట మానదు.

"ఒక లెక్క చూడుడు, అత్తయ్యా" యని మా మేనకోడలు పెన్సిలు తీసికొనినది. తెల్లవారుజామున 3 గంటలకు హైదరాబాదునుండి బెజవాడకు ఈ మందుతో వాహనము బయలుదేరినదనుకొందము. దూరము సుమారు 275 కిలోమీటర్లు. ప్రయాణమునకు 5 గంటలు పట్టినచో, ఇచ్చట 100 పాళ్లుగా బయలుదేరిన మందు అచ్చటికి 15 పాళ్లుగా చేరును. కావున కావలసిన దానికి ఆరింతలకు పైగా నింపి పంపవలెను. త్రోవలో మరి అరగంట జాగైనచో, ఉన్న దానిలో నూటికి 17 పాళ్లు తగ్గును. అనగా పదిమందికి సరిపోవలసిన మందు ఎనిమిదిమందికి మాత్రమే సరిపోవును. రాత్రినుండి పస్తుండి వచ్చిన తక్కిన యిద్దరును మరల మరునాడు రావలసినదే.

ఈ మందునకును దానిని మోయువానికిని గల సంబంధము నేటిది కాదు. 1976 ఆగస్టు మాసమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున మొదటిసారిగా మనుష్యులకు ఈ మందు నిచ్చి పరీక్షించిరి. మందు తయారైనది అచ్చట కాదు. న్యూయార్కు సమీపమున లాంగ్ ఐలండులోని బ్రూక్‌హేవెను ప్రయోగశాలలో. దానిని విమానముపై ఫిలడెల్ఫియాకు చేర్చిరి. ఆ మందును సిద్ధము చేసిన రసాయన శాస్త్రజ్ఞులలో జోఆనా ఫౌలరు అను స్త్రీ యొకతె. అదే ప్రయోగశాలలో 1950ల కడపట వాల్టరు టక్కరుతో కూడి మార్గరెట్ గ్రీను అను మరియొక స్త్రీ టెక్నీషియము-99ఎమ్ అను పదార్థమును దినదినము తీసికొనుటకు వీలగు పాత్రను రూపొందించెను. నేడు ఎముకలు, గుండె, మూత్రపిండములు మున్నగువాని పరీక్షలకు ఎక్కువగా వాడునది ఈ టెక్నీషియమే. దీని అర్ధాయువు 6 గంటలు.

ఈ పాత్రను గూర్చి మా మేనకోడలు చెప్పిన మాట వదినగారికి మిక్కిలి నచ్చినది. దానిలో మాలిబ్డినము-99 అను తల్లి పదార్థముండును. దాని అర్ధాయువు 66 గంటలు. ఆ తల్లినుండి టెక్నీషియము ఊరుచుండగా, ప్రతి ప్రాతఃకాలమున ఉప్పునీటితో కడిగి దానిని వేరుచేసికొందురు. మరునాటికి మరల ఊరును. అందుచేత వైద్యశాలలలో పనిచేయువారు ఆ పాత్రను ఆవనియు, దానినుండి మందు తీయుటను పాలు పితుకుటయనియు వాడుకగా చెప్పుకొందురట. మన దేశమున ఇట్టి మందులను తయారుచేసి పంపుటకు 1989లో బ్రిట్ అను ప్రభుత్వ సంస్థ యేర్పడినది. ముంబయి ప్రాంతమునుండి వచ్చు పెట్టెలను విమానాశ్రయమున దింపుకొని ఆయా వైద్యశాలలకు చేర్చుటయు మా మేనకోడలి మనుష్యుల పనియే.

ఇక పర్యవేక్షణ యనగా నేమి? తొందర వలదనుటకు వీలులేని పనిలో తొందరపాటును రానీయకుండుట యని ఆమె చెప్పినది. మందు తరుగుచున్నదని డ్రైవరునకు తెలియును. వైద్యశాలనుండి ఫోనులు వచ్చుచుండును. ఆ యొత్తిడిలో ఒక చిన్న నియమమును దాటుట ఎంతో సులభము.

పెట్టె గడప దాటక మునుపే చేయవలసిన పనులు కొన్ని కలవు. పెట్టెకు అంటియున్నట్టు, ఒక మీటరు దూరమున, కిరణముల బలము ఎంతయో కొలుతురు. ఆ లెక్కనుబట్టి చీటి అంటింతురు. మిక్కిలి తక్కువైనచో తెల్లచీటి, ఒక ఎర్రగీత. అంతకు మించినచో పసుపుచీటి, రెండు ఎర్రగీతలు. మరియు నెక్కువైనచో మూడు గీతలు. తరువాత చిన్న కాగితముతో పెట్టె పైభాగమును తుడిచి, ఆ కాగితమును యంత్రమునకు చూపుదురు. లోపలి మందు లవలేశమైనను పైకంటినచో యంత్రము చెప్పును. మేము వైద్యశాలలో విసుగుకొనిన నాడు జరిగినది ఇదే. తుడిచిన కాగితము అనుమానము కలిగించినది. మా మేనకోడలు ఆ పెట్టెను ఆపి, మరల శుభ్రపరపించి, రెండుమారులు పరీక్షింపజేసి, నిర్దోషమని తేలిన పిమ్మటనే పంపినది. "పాలబండిని నలువది నిమిషములు ఆపనక్కరలేదు, అత్తయ్యా" యని ఆమె నవ్వగా మేమును నవ్వితిమి గాని, మా నవ్వులో కొంత సిగ్గుండెను.

వాహనములో పెట్టెను డ్రైవరునకు వీలైనంత దూరమున వెనుకభాగమున నుంచి, కదలకుండ పట్టెడలతో బిగింపవలెను. దూరము రెండింతలైన కిరణముల బలము నాలుగవ వంతగును. పొయ్యి దగ్గర కూర్చున్న దానికిని వాకిట నిలిచిన దానికిని గల భేదము మనకు తెలియనిది కాదు. పసుపుచీటి గల పెట్టె యున్న వాహనములో డ్రైవరును అతని సహాయకుడును తప్ప మరెవ్వరును ఎక్కరాదు. త్రోవలో పెట్టెను విడిచి పోరాదు. ప్రమాదము జరిగినచో ఏమి చేయవలెనో తెలుపు కాగితము డ్రైవరు చేతికందునట్లుండవలెను. అందులో ముందుగా చేయవలసినది గాయపడిన వారిని కాపాడుట. పిమ్మట జనమును దూరముగా నుంచి, పోలీసులకును పంపినవారికిని తెలియజేయుట. ఈ నియమములన్నియు సరిగా జరుగుచున్నవో లేవో చూచుటకు 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి కలదు.

ఇంతవరకు మేము విధులను చెప్పితిమి. ఇక ఒక సంఘటనను చెప్పవలసియున్నది. దీనిని వ్రాయుటకు మా మేనకోడలి యనుమతియు, ఆమె ద్వారా ఆ కుటుంబమువారి యనుమతియు తీసికొంటిమి. పేర్లు మాత్రము చెప్పము.

ఆమె మనుష్యులలో ఒక డ్రైవరు మిక్కిలి నమ్మకస్థుడు. ఒకనాడు తెల్లవారుజామున 4 గంటలకు పెట్టెతో బయలుదేరెను. దారిలో ఇంటినుండి ఫోను వచ్చెను. భార్యకు ఏడవ నెల. కడుపులో నొప్పి యనియు, ఏమి చేయుటకును తోచుటలేదనియు తల్లి యేడ్చుచున్నది. 108కు ఫోను చేయవలెనన్న బుద్ధి ఆ గాబరాలో తల్లికి పుట్టలేదు, కొడుకునకును పుట్టలేదు. ఇల్లు దారికి దగ్గరలోనే యున్నది. అతడు బండిని ఇంటికి త్రిప్పి, భార్యను ముందు సీటులో కూర్చుండబెట్టుకొని, ప్రసూతి వైద్యశాలలో దింపి, తల్లిని అచ్చట నుంచి, పెట్టెను చేర్చవలసిన చోటికి అరగంట ఆలస్యముగా చేర్చెను. సంతకము తీసికొనిన వెంటనే మా మేనకోడలికి ఫోను చేసి, "మేడం, తప్పు చేసితిని" అని ఉన్నదున్నట్లు చెప్పెను.

ఆ మాట వినినప్పుడు తన కాళ్లలో వణుకు పుట్టినదని ఆమె చెప్పినది. పసుపుచీటి పెట్టె గల బండిలో గర్భిణి! నియమములలో ఇంతకన్న స్పష్టమైనది లేదు. కార్యాలయములో తోటి యుద్యోగి యొకడు ఆమెకు మంచి చేయుదునని తలచి, "ఎవరికి తెలియును? దారిలో రద్దీ యని వ్రాసిన సరిపోవును. పాపము, వాని యుద్యోగము పోవును, మీకును మాట వచ్చును" అని సలహా చెప్పెను. బండి నడకను చూపు యంత్రమున్నదే యని మేము అడిగితిమి. "ఆ యంత్రము బండి ఎచ్చట నిలిచినదో చెప్పును గాని, ఎందుకు నిలిచినదో చెప్పదు, అత్తయ్యా. ఎందుకో చెప్పవలసినది మనుష్యుడే" యని ఆమె యనెను.

ఆమె ముందుగా కాగితము ముందిడికొని లెక్క వేసినది. ఆ పెట్టె చీటిపై రవాణా సూచిక 1 అని యున్నది. అనగా ఒక మీటరు దూరమున గంటకు 10 మైక్రోసీవర్టులు. ఆ యిల్లాలు కూర్చున్న చోటు పెట్టెకు రెండు మీటర్ల దూరము. కావున గంటకు రెండున్నర. కూర్చున్నది 20 నిమిషములు. మొత్తము ఒక మైక్రోసీవర్టుకన్న తక్కువ. భూమినుండియు, ఆకాశమునుండియు, మనము తిను తిండినుండియు, పీల్చు గాలినుండియు ప్రపంచమున ప్రతి మనుష్యునకు సగటున ఏడాదికి 2,400 మైక్రోసీవర్టులు సహజముగానే చేరుచున్నవి. ఆమెకు ఆ బండిలో చేరినది మూడు గంటల కాలములో ఇంట కూర్చున్నను చేరెడిదే. ఇట్టి పనులలోనున్న గర్భిణి స్త్రీల శిశువునకు, గర్భము తెలిసిన నాటినుండి ప్రసవము వరకు నిర్ణయించిన హద్దు 1,000 మైక్రోసీవర్టులు.

లెక్క తేలిన తరువాత ఆమె ప్రాణము కుదుటపడినది. తోటి యుద్యోగి, "చూచితిరా, హాని యేమియు లేదు గదా! ఇక వ్రాయనేల?" యనెను. ఇచ్చట మా మేనకోడలు చేసిన యాలోచనను సోదరీమణులు శ్రద్ధతో వినవలెనని కోరుచున్నాము. ఆమె ఇట్లనుకొనినదట: "హాని లేకపోవుట ఆనాటి యదృష్టము. ఆ పెట్టె మూడు గీతలదై యుండవచ్చును. దారిలో బండి మరియొక బండిని ఢీకొనియుండవచ్చును. నేడు దీనిని దాచినచో, ఈ పదునొకండుగురును నేర్చుకొను పాఠమొక్కటే: అమ్మగారికి చెప్పనక్కరలేదని. రేపు పెట్టె పగిలినను చెప్పరు."

ఆమె సంగతినంతయు వ్రాసినది. వ్రాయుటలో మొదటి కారణముగా డ్రైవరు తప్పును పెట్టలేదు. తెల్లవారుజామున బదులు డ్రైవరును సిద్ధముగా నుంచకపోవుట తన యేర్పాటులోని లోపమని మొదటి పంక్తిలో వ్రాసినది. ఇంటిలో నిండుమనిషి యున్నదని తెలిసియు, ఆ సమయమున అతనికి దూరపు బాట వేయుట రెండవ లోపమని వ్రాసినది. డ్రైవరు నియమము దాటుటను మూడవదిగా వ్రాసి, తానై చెప్పినాడని దాని క్రిందనే చేర్చినది. పై యధికారులు మొదట కఠినముగానే మాటలాడిరి. అతనిని తొలగింపవలెనన్న ప్రస్తావన వచ్చెను. "తప్పు చెప్పినవానిని పంపివేసినచో, తప్పు చెప్పనివారే మనకు మిగులుదురు" అని ఆమె వాదించినది. తుదకు అతనిని ఒక మాసము బండినుండి తప్పించి, మరల శిక్షణ నిప్పించి పనిలో నిలిపిరి. ఆమెకును ఒక మందలింపు కాగితము వచ్చినది. దానిని తన బల్ల సొరుగులో నుంచుకొనినది.

ఇంతటితో తన పని తీరెనని ఆమె తలపలేదు. మరుసటి ఆదివారము ఆ డ్రైవరు ఇంటికి పోయినది. నొప్పి ఆనాడే సర్దుకొనెను; కడుపులో బిడ్డ క్షేమమని వైద్యురాలు చెప్పినది. అయినను ఆ యిల్లాలి ముఖమున కళ లేదు. అత్తగారు లేచి లోపలికి పోయిన తరువాత, "అక్కా, ఆ బండి సంగతి కాదు. ఆయన దినమును ఆ పెట్టెలతో తిరిగి యింటికి వచ్చును. వచ్చీరాగానే పెద్దపిల్లను ఎత్తుకొనును. ఆ విషము ఆయన బట్టలతో ఇంటికి రాదా? నా బిడ్డకు చేరదా?" యని మెల్లగా అడిగినది. రెండేండ్లనుండి ఆ భయమును మనసులో పెట్టుకొని, ఎవరితోను చెప్పుకొనలేదట.

దేవుని గూటిలో దీపము వెలుగుచుండెను. ప్రక్కనే పసుపు గిన్నె యున్నది. మా మేనకోడలు ఆ రెంటిని చూపినది. "చెల్లీ, ఈ దీపము ఎదుట నీవు గంటసేపు కూర్చుండుము. వెలుగు నీపై పడును. లేచి చీకటి గదిలోనికి పోయినచో నీ చీరకు వెలుగంటుకొని యుండునా? ఉండదు. మూసిన పెట్టెనుండి వచ్చు కిరణములు ఇట్టివి. పెట్టెకు దూరమైన వెంటనే అవి ఆయనతో రావు. ఆయన దేహముపై ఎంత పడినదో చెప్పుటకు రొమ్మున తగిలించుకొను బిళ్ల యున్నది. మూడు నెలలకొకసారి దానిని పరీక్షింతురు. ఆ లెక్క నేను చూచుచునే యున్నాను. ఇక పసుపు చూడుము. గిన్నెలో నున్నంతవరకు చేతి కంటదు. ఒలికినచో చేతికి, చేతినుండి తలుపునకు, తలుపునుండి పిల్లకు అంటును. లోపలి మందు ఒలికినచో నది ఇట్టిది. అందుకే ప్రతి పెట్టెను బయలుదేరక ముందు తుడిచి చూతుము. ఒలికినదన్న అనుమానము కలిగిన దినమున ఆయనను శుభ్రపరచి పరీక్షింపకుండ ఇంటికి పంపము. ఇది నా మాట" యని చెప్పినది.

"పెట్టె క్రింద పడినచో?" నని ఆ యిల్లాలు మరల అడిగినది. ఇట్టి పెట్టెలను వాడుకలోనికి తెచ్చుటకు ముందే వాని నమూనాలను నాలుగడుగుల యెత్తునుండి పడవేసి చూతురనియు, వాన కురిసినట్లు గంటసేపు నీరు చల్లుదురనియు, తన బరువునకు ఐదింతల బరువును ఒక రోజంతయు మోయింతురనియు, ఆరు కిలోల ఇనుపకడ్డీని మీటరు ఎత్తునుండి దానిపై జారవిడుతురనియు చెప్పగా, ఆ పిల్ల మొదటిసారి నవ్వి, "ఇంత పరీక్ష మా పెండ్లికొడుకునకు కూడ చేయలేదు, అక్కా" యనినదట. ఆమెకు నెలలు నిండిన పిమ్మట ఆడపిల్ల పుట్టినది. తల్లియు బిడ్డయు కుశలము.

ఆనాటినుండి మా మేనకోడలు మూడు మార్పులు చేసినది. తెల్లవారుజామున ఒక డ్రైవరు బదులుగా ఎల్లప్పుడు సిద్ధముగా నుండును. ప్రతి డ్రైవరు ఇంటిలోను 108 సంఖ్యయు ఆమె సంఖ్యయు గోడపై వ్రాసియుండును; ఆపద వచ్చినచో బండిలోని వానికి కాక, ముందు ఈ రెంటికి ఫోను చేయవలెను. మూడవది, ఏడాదికొక దినమున డ్రైవర్ల భార్యలను, తల్లులను పిలిపించి, వారి సందేహములకు తానే సమాధానములు చెప్పును. మొదటి యేట నలుగురే వచ్చిరట. ఈ యేట అందరును వచ్చిరి.

మా మేనకోడలి మాటలు విన్న రాత్రి మాకు మా యిల్లే తలపునకు వచ్చినది. పనిపిల్ల చేతినుండి పింగాణి గిన్నె జారి పగులును. మనము మండిపడుదుమని తెలిసినచో పెంకులను చీపురుతో మంచము క్రిందికి త్రోసివేయును. అవి రాత్రి మన పిల్లవాని కాలిలో దిగును. కోడలు పాలు పొంగించి మాటలు పడినదగుచో, రేపు గ్యాసు వాసన వచ్చినను చెప్పుటకు జంకును. తప్పును క్షమింపుమని మేము చెప్పుటలేదు. మా మేనకోడలు ఆ డ్రైవరును నెలదినములు బండి ఎక్కనీయలేదు గదా! తప్పు చెప్పుకొనుటకు వచ్చినవారికి తలుపు తెరచియుంచుమని మాత్రమే మా మనవి. ఇల్లు నడుపు స్త్రీలు దీనిని ఇతరులకన్న బాగుగా అర్థము చేసికొందురు.

కడపట, ఇట్టి పరీక్షలకు పోవు సోదరీమణులకు కొన్ని సూచనలు. చెప్పిన వేళకు తప్పక పోవలెను. మీ కొరకై కొలిచి తెచ్చిన మందు మీ రాకకై ఆగదు. రాలేని యెడల ముందునాడే తెలుపవలెను. మరియొకరికి ఆ వంతు దక్కును. పస్తుండుమనినచో ఒక్క కప్పు కాఫీ యేమి చేయునని త్రాగరాదు. మధుమేహమునకు మందు వాడువారు ఆ సంగతిని ముందే చెప్పి సలహా పొందవలెను. గర్భవతులైనను, అట్టి యనుమానమున్నను, పసిబిడ్డకు పాలిచ్చుచున్నను, ఎంత సిగ్గుగా నున్నను వైద్యులతో ముందే చెప్పవలెను. వెంట చిన్నపిల్లలను కొనిపోరాదు. పరీక్షయైన తరువాత పసిపిల్లలను ఎప్పుడు ఎత్తుకొనవచ్చునో అచ్చటివారినే అడిగి, వారు చెప్పినట్లు నడువవలెను. మూడు రెక్కల గుర్తుగల పెట్టె ఎచ్చట కనబడినను భయముతో పరుగెత్తనక్కరలేదు. చేతితో తాకి చూడనక్కరయు లేదు. కొంచెము దూరముగా తొలగి, తెచ్చినవానికి త్రోవ యిచ్చిన చాలును.

మా వదినగారి పరీక్షా ఫలితము మంచిదిగా వచ్చినది. ఆరు మాసముల తరువాత మరల చేయింపవలెనని వైద్యులు చెప్పిరి. అప్పుడును మేమే తోడు పోవుదుము. మందు ఆలస్యమైనచో బల్లపై కూర్చుండి యోపికతో కాచుకొందుము. ఎచ్చటనో ఒక స్త్రీ చిన్న కాగితముతో ఒక పెట్టెను తుడిచి, మరియొకసారి తుడువుమని చెప్పుచున్నదని మాకు ఇప్పుడు తెలియును గదా!